కె.ఎం.టి. చేసిన టేకు

తిరుపతిలో మేము బాడుగకు ఉండిన ఇంటి వెనకవీధిలో రిటైరైన ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. ఎనభైల మొదట్లో సంగతి ఇది. నీళ్ళ ప్రాజెక్టుల్లో ఉద్యోగం చేసొచ్చిన మనిషి. రిటైరైనాక పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని, సరదాకు చెక్కపని మొదలుపెట్టినాడు. ఎవరో బంధువు ఇంగ్లండు నుంచి పంపిన పాత పత్రికలు ఆయన దగ్గర కట్టలు కట్టలుగా ఉండేవి. వాటిల్లో బొమ్మలు చూసి ట్రేలు, పెట్టెలు, స్టూళ్ళు చేసేవాడు. ఆదివారం పొద్దున ఆ షెడ్డుకు ఇంకో ఇద్దరు వచ్చేవాళ్ళు. ఒకాయన మా పక్కింట్లో ఉండే ఫిజిక్సు లెక్చరరు. ఇంకొకాయన బ్యాంకు ఆఫీసరు. ముగ్గురూ కలిస్తే రంపం చప్పుడు కంటే ఇంగ్లీషు అక్షరాల చప్పుడే ఎక్కువ.

వాళ్ళ మధ్యకు నేను ఎందుకు పోయినానో చెప్పాల. నేను మునిసిపల్ స్కూల్లో తెలుగు టీచర్ని. మా నాయన ఐరాల పక్క ఒక హైస్కూల్లో క్రాఫ్టు మాస్టరు. ఆ కాలంలో బళ్ళలో చెక్కపని కూడా ఒక పాఠం. సెలవు రోజుల్లో నాయన నన్ను పక్కన నిలబెట్టుకుని చిత్రిక పట్టేది నేర్పించినాడు. చిత్రిక సాఫీగా పోతే చెక్క మీద నుంచి పొట్టు సుళ్ళు తిరిగి లేస్తుంది. గట్టిగా నొక్కితే గీరుకుపోతుంది. "నువ్వు నొక్కబాక, అది పోతాంటే నువ్వు దాని ఎనకాల పో" అనేవాడు. ఆడపిల్లకు ఈ వడ్లపని ఎందుకని మా జేజి, నాయన వాళ్ళమ్మ, అరిస్తే, "నీ చేతిలో పప్పుగుత్తి ఉండాది గదమ్మా, అది యాడినుంచి వచ్చిందనుకుంటివి?" అని నవ్వేవాడు.

నాయన పోయిన మరుసటేడు, ఆయన కూర్చుని పనిచేసుకునే బెంచీకి చెదలు పట్టింది. కాళ్ళు పొడైపోయినాయి. పైపలక మాత్రం చెక్కు చెదరలేదు. పనస చెక్క. ఏండ్ల తరబడి నాయన కూర్చుని కూర్చుని దానికి మెరుపొచ్చింది. దాన్ని బస్సు మీద వేసుకుని తిరుపతికి తెచ్చుకున్నాను. దాంతో వ్యాసపీఠం చేయాలని నా ఆశ. పుస్తకం పెట్టుకుని చదివే పీఠం, ఎక్స్ ఆకారంలో విచ్చుకునేది. మంచి వ్యాసపీఠంలో మేకు ఉండదు, జిగురు ఉండదు. ఒకే పలకను మధ్యలో వేళ్ళు వేళ్ళుగా చెక్కి, రెండు వైపుల నుంచి మందంలో చీలిస్తే, ఆ పలకే రెండుగా విచ్చుకుంటుంది, మళ్ళీ మూసుకుంటుంది. నాయన ఒకటి చేయంగా చూసినాను. కానీ దానికి పలకను కదలకుండా పట్టుకునే పెద్ద బల్ల కావాల, పొడుగాటి సన్న రంపం కావాల. మా రెండు గదుల ఇంట్లో అవి యాడ?

పక్కింటి లెక్చరరు భార్యతో మాటల్లో అంటే, ఆయనే వచ్చి చెప్పినాడు. "మా ఇంజనీరు గారి షెడ్డులో అన్నీ ఉండాయి మేడమ్. ఆదివారం రండి. ఎవరైనా రావచ్చు."

మొదటి ఆదివారం నేను పలక ఎత్తుకుని పోయినాను. ఇంజనీరు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి నన్నూ పలకనూ చూసినాడు. పలకను అటూ ఇటూ తిప్పి, "ఎం.సి. చూసినారా?" అని అడిగినాడు.

మాది మునిసిపల్ స్కూలు. మాకు ఎం.సి. అంటే మునిసిపల్ కమిషనర్. అంతకు ముందు రోజే ఆయన మా బడిని తనిఖీ చేసి పోయినాడు. ఈయనకు ఆయన తెలిసినాయనేమో అనుకుని, "ఆఁ సార్, నిన్ననే చూసినాను. మా బడికి వచ్చినారు" అన్నాను.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత నవ్వు. బ్యాంకు ఆఫీసరు బల్ల మీద చేత్తో కొట్టి కొట్టి నవ్వినాడు. లెక్చరరు కండ్లు తుడుచుకున్నాడు. నేనూ ఏదో తప్పు మాట వచ్చిందని నవ్వబోయి, వాళ్ళ మొహాలు చూసి ఆపుకున్నాను. ఎం.సి. అంటే చెక్కలో ఉండే తేమ అంట. ఆ మాట నవ్వంతా అయినాక లెక్చరరు చెప్పినాడు. చెక్క ఆరిందా లేదా అని అడిగుంటే నాకు తెలిసేది కాదా? నాయన పలకను చెంపకు ఆనించుకుని చూసేవాడు. పచ్చిదైతే చల్లగా తగుల్తుంది.

ఆ పొద్దు నుంచి నేను షెడ్డులో అడుగు పెడితే చాలు, "ఎం.సి. గారు కులాసానా టీచరమ్మా?" అని ఇంజనీరు పలకరింపు. నవ్వి ఊరుకునేదాన్ని. పని కావాల కాబట్టి ఊరుకున్నాను. వాళ్ళ మాటలు వింటూ ఉంటే ఒక్కటీ తలకెక్కేది కాదు. పావురం తోకలాగా కోసి కలిపే అతుకును డి.టి. అనేవాళ్ళు. కాచిన అవిసె నూనె బి.ఎల్.ఓ. ఒక చెక్కకు తొర్ర కొట్టి ఇంకోదాని కొస దూర్చే అతుకు ఎం అండ్ టి, గాలిలో తేమ ఆర్.హెచ్. "డి.టి. కంటే ఎం అండ్ టి మేలు", "దానికి బి.ఎల్.ఓ. పట్టించి ఆర్.హెచ్. తగ్గినాక చూడు" అని ఒకరికొకరు చెప్పుకుంటూ తలలు ఊపేవాళ్ళు. నేను అర్థం అడిగితే ఇంజనీరు, "ఇక్కడ ఎ,బి,సి,డిలు చెప్పే క్లాసు లేదమ్మా. అది మీ బడిలో" అనేవాడు. ఆయన భార్య మాత్రం వెనక తలుపు సందులోంచి నాకు మజ్జిగ గ్లాసు అందించి, "నువ్వు తాగమ్మా, వాళ్ళ గోల ఎప్పుడూ ఉండేదే" అనేది.

నేను పలకను శుభ్రం చేసి, చిత్రిక పట్టి, సరిగ్గా మధ్యలో పెన్సిలుతో అడ్డంగా గీత గీసుకున్నాను. వ్యాసపీఠం మడత తిరిగే వేళ్ళు అక్కడే రావాల. ఆ వారం మధ్యాహ్నానికే ఇంట్లో పని ఉండి, పలకను షెడ్డు గోడకు ఆనించి వచ్చేసినాను.

మరుసటి ఆదివారం పోయేసరికి నా పలక రెండు ముక్కలుగా బల్ల కింద ఉండాది. నా పెన్సిలు గీత మీదనే, నూలు పట్టి కోసినట్టు కోసినారు. నేను రెండు ముక్కలూ ఎత్తి ఒకదానికొకటి ఆనించి చూసినాను. ఎందుకు ఆనించి చూసినానో తెలీదు. అతుక్కుంటుందని కాదు.

"ఎవరు కోసినారు దీన్ని?" అన్నాను.

బ్యాంకు ఆఫీసరు సంతోషంగా ముందుకొచ్చినాడు. "నేనే మేడమ్. మీరు లేరు గదా, సాయంగా ఉంటుందని బుధవారం సాయంత్రం వచ్చి కోసిపెట్టినా. పలక మీద రాసి ఉండె గదా, ఆర్.టి.ఎల్. అని."

నిజమే. ఒక ముక్క మీద సుద్దతో పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు ఉండాయి. ఆర్.టి.ఎల్. నేను రాసినవి కాదు.

"ఆర్.టి.ఎల్. అంటే ఏంది?"

"రిప్ టు లెంగ్త్" అన్నాడు బ్యాంకాయన, ధీమాగా. "గీత దగ్గర కొయ్యమని."

ఇంజనీరు అప్పుడు తలెత్తినాడు. ఆయన మొహంలో కంగారు కనిపిస్తుందేమో అని చూసినాను. నవ్వు కనిపించింది. "అయ్యో నీ అసాధ్యం గూల! రిప్ టు లెంగ్త్ కాదప్పా. అది నేను రాసిందే. రిటర్న్ టు లేడీ. ఆ లేడీకి తిరిగి ఇచ్చెయ్యమని. వారం రోజులు మద్రాసులో ఉంటి గదా, మీరెవరైనా చూసి ఆమె ఇంట్లో పడేస్తారని రాసిపెట్టి పోతి."

లెక్చరరు కూడా నవ్వినాడు. ఆ సుద్ద అక్షరాలు రాసేటప్పుడు ఆయన పక్కనే ఉన్నాడంట. అర్థం కూడా తెలుసంట. నా ముందరే చెప్పినాడు, అదేదో పెద్ద చమత్కారం అయినట్టు.

బ్యాంకాయన మొహం మాత్రం మాడిపోయింది. "నాకు ఆ అర్థం తెలీలేదు సార్" అనడానికి నోరు తెరిచి మూసుకున్నాడు. అడిగితే ఏమనుకుంటారో అని అడగలేదు, తోచిన అర్థం వేసుకుని కోసేసినాడు. అది నాకు స్పష్టంగా కనిపించింది.

"సార్, అది మా నాయన పలక" అన్నాను.

ఇంజనీరు చేతిలో ఉన్న ఉలిని గుడ్డతో తుడుస్తూ, "పోనీలే టీచరమ్మా, చెక్కే గదా. ఊళ్ళో చెక్కకేమి కరువా? అసలు మీకు ఈ పనులు ఎందుకు చెప్పండి. హాయిగా ఊలు అల్లుకోండి" అన్నాడు.

ముక్కలు రెండూ చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చినాను. దారిలో కొండకు పోయే బస్సు ఒకటి గోవింద నామాలతో ఎదురొచ్చింది. మామూలుగా అయితే నా చేతులు వాటంతట అవే ముడుచుకుంటాయి. ఆ పొద్దు చేతుల్లో చెక్కలుండాయి, నోట్లో గోవిందా అనే మాట రాలేదు. మా ఆయన వాకిట్లో సైకిలు తుడుస్తా ఉండినాడు. చూసి, "ఏమైంది?" అన్నాడు. చెప్పినాను. "పోనీలే, ఇంక ఆడికి పోబాక" అన్నాడు.

"పోతాను" అన్నాను. "ప్రతి ఆదివారమూ పోతాను."

ఆ రెండు ముక్కలనూ వంటింట్లో కూర్చునే చిన్న పీటలుగా చేసినాను. పనసచెక్క పీట మీద కూర్చుని కూరలు తరిగిన ప్రతిసారీ నాకు ఇంజనీరు మొహం గుర్తొచ్చేది. మా ఆయన ఒకసారి ఆ పీట మీద కూర్చోబోతే, "దాని మీద కూర్చుంటే నాకు కోపం వస్తుంది, స్టూలు మీద కూర్చో" అన్నాను. ఆయన నవ్వలేదు.

పగ తీర్చుకోవాలని గట్టిగా అనుకున్నాను కానీ, ఎట్లాగో తోచలేదు. తోచింది బడిలో. మా బడి ప్రహరీ గోడ మీద కోతులు ఎప్పుడూ ఉంటాయి. మామిడికాయల కాలం. ఒక పొద్దు పెద్ద కోతి ఒకటి ఎవరి సంచిలోంచో మామిడిపండు లాక్కుని గోడెక్కి తినింది. టెంక మాత్రం పారేయలేదు. దవడలో పెట్టుకుంది. మింగలేదు, ఉమ్మలేదు. ఒక చెంప ఉబ్బి, అంతా తెలిసిన పెద్దమనిషిలాగా గోడ మీద కూర్చుని మమ్మల్ని చూస్తా ఉండాది. పక్కన నిలబడిన హిందీ టీచరు, "చూడు చూడు, కోతి మింగిన టెంక, లోపలికీ పోదు బయటికీ రాదు" అన్నది.

కోతి మింగిన టెంక. కె, ఎం, టి. నాకు ఆ క్షణంలో దారి దొరికింది.

ఆ వారం షెడ్డుకు పోయేసరికి ఇంజనీరు టేకుతో చేసిన నగల పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి, ఇద్దరికీ చూపిస్తా ఉన్నాడు. చిత్తూరులో ఒక క్లబ్బువాళ్ళు వేసవి సెలవుల్లో ఇంట్లో సరదాకు చేసిన వస్తువుల ప్రదర్శన పెడతామన్నారంట. ఆ పెట్టె దానికోసం. నేను దగ్గరికి పోయి మూత అంచు మీద బొటనవేలితో రాసి చూసినాను.

"చాలా బాగుండాది సార్" అన్నాను. "కె.ఎం.టి. కూడా చేసినట్టుండారే."

ఇంజనీరు నా మొహం వైపు చూసినాడు. నేను మూత వైపే చూస్తా ఉండినాను. ఆయన 'అదేమిటి' అని ఒక్క మాట అడిగుంటే, అక్కడితో నా పథకం ముగిసేది.

"చేయకుండా ఎట్లా?" అన్నాడు ఆయన. "టేకుకు కె.ఎం.టి. తప్పనిసరి."

"అవును సార్" అన్నాడు లెక్చరరు. "లేకుంటే వానాకాలంలో మూత బిగుసుకుంటుంది."

బ్యాంకాయన ఒక అడుగు వెనకేసి, అప్పటికే ఏదో గుర్తు తెచ్చుకున్నట్టు తల ఊపి, "మా మామగారింట్లో మంచానికి కె.ఎం.టి. చేయక అది ఎట్లా విచ్చుకునిందో" అన్నాడు.

ఇంజనీరు భార్య మజ్జిగ తెచ్చింది. ఒక్క గుక్కలో తాగేసి ఇంకో గ్లాసు అడిగినాను.

తర్వాత వారాల్లో నేను ఆ మాటను ఎక్కువ వాడలేదు. అవసరం రాలేదు. వాళ్ళే వాడుకున్నారు. "దీనికి లైట్‌గా కె.ఎం.టి. చాలు" అని లెక్చరరు. "కె.ఎం.టి. ముందా, బి.ఎల్.ఓ. ముందా?" అని బ్యాంకాయన. ఇంజనీరు ఒకరోజు, "మా డ్యాం కట్టేటప్పుడు గేట్ల కింద చెక్కలన్నిటికీ కె.ఎం.టి. చేయించినా. కాంట్రాక్టరు ఎగ్గొట్టబోతే బిల్లు ఆపేసినా" అని కథ చెప్పినాడు. నేను కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాను. "నిజమా సార్!" అన్నాను.

ఇంట్లో చెప్పుకుని నవ్వుకుంటుంటే మా ఆయనకు భయం పట్టుకుంది. "ఇంక చాలు. పెద్దాయన, నలుగురిలో పేరున్న మనిషి. చెప్పెయ్, నవ్వుకుని ఊరుకుంటారు."

"నవ్వుకుని ఊరుకోనీకి కాదు నేను చేసింది" అన్నాను.

ప్రదర్శన రోజు దగ్గర పడినాక ఇంజనీరు నన్ను పిలిచి, "టీచరమ్మా, మీరు కూడా మాతో చిత్తూరుకు రండి. మొదట్లో ప్రార్థన పాట పాడడానికి ఒక ఆడమనిషి కావాల" అన్నాడు. నా పని అది. నేను చేసిన వస్తువు అక్కడ పెట్టమని ఆయన అడగలేదు. పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు కూడా. "తప్పకుండా సార్" అన్నాను.

అందరం ఒకే బస్సులో పోయినాము. ఇంజనీరు, ఆయన భార్య, లెక్చరరు, బ్యాంకాయన, నేను, మా ఆయన. చంద్రగిరి దాటినాక ఎండ ముదిరింది. ఇంజనీరు పెట్టెలనూ ట్రేలనూ పాతదుప్పట్లలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, గుంట వచ్చినప్పుడల్లా డ్రైవర్ని కేకలేస్తా ఉండినాడు. చిత్తూరు చేరేసరికి మండీల దగ్గర ఊరంతా మామిడిపండ్ల వాసన.

కోర్టు దగ్గర ఒక హాలు. మహిళలు అల్లిన గుడ్డలు, ఎవరో చేసిన బూరుగుదూది బొమ్మలు, కాళహస్తి నుంచి వచ్చిన ఒకాయన సరదాకు వేసుకున్న కలంకారీ గుడ్డ. నడిమధ్య మా వాళ్ళ చెక్క సామాన్లు. ప్రతి వస్తువు ముందరా అట్టముక్క మీద ఇంజనీరు అందమైన చేతిరాత. "టేకు. డి.టి. కె.ఎం.టి. బి.ఎల్.ఓ. ఫినిష్." నేను ఒక్కొక్క అట్టా చదువుకుంటూ పోయినాను. ఏడుంటే ఏడింటి మీదా కె.ఎం.టి. ఉండాది.

ముఖ్య అతిథి జడ్జిగా చేసి రిటైరైన ఒక పెద్దాయన. పంచె, భుజాన కండువా, చేతికర్ర. నేను ప్రార్థన పాడినాను. ఇంజనీరు మైకు ముందు మాట్లాడినాడు. చెక్కపనిలో శాస్త్రం ఉందనీ, మన వడ్లవాళ్ళకు ఆ శాస్త్రం తెలీదనీ, టేకుకు కె.ఎం.టి. చేయకపోవడం వల్లనే మన తలుపులు వంకర్లు పోతాయనీ చెప్పినాడు. కింద కూర్చున్న జనం చేతులు తట్టినారు.

జడ్జిగారు తట్టలేదు. అట్టముక్క చేతిలో పట్టుకుని, "ఏమప్పా, ఒక మాట. యాడ సూసినా ఈ కె.ఎం.టి. రాసుండావు. అంటే ఏంది?" అన్నాడు.

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "అది మా టెక్నికల్ మాట సార్."

"టెక్నికలే కానీ. ఇప్పి సెప్పు. కోర్టులో లాయర్లు ఇట్లాంటి పొట్టి అక్షరాలు సెప్తే, ఇప్పి సెప్పేదాకా నేను పెన్ను పట్టేవాణ్ణి కాదు."

ఇంజనీరు లెక్చరరు వైపు చూసినాడు. చూసినాడంటే నువ్వు అందుకో అని. లెక్చరరు లేచి, "కిల్న్ మాయిశ్చర్ టెస్ట్ సార్" అన్నాడు. అదే క్షణంలో అటు పక్క నుంచి బ్యాంకాయన కూడా సాయానికి లేచి, "కీ మార్టిస్ టైట్" అన్నాడు.

జడ్జిగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసినాడు. "ఒక్క కె.ఎం.టి.కి రెండర్థాలా? మరి తలుపులకు ఏది సేయాల?"

కింద ఎవరో కిసుక్కున నవ్వినారు. ఇంజనీరు మెడ దగ్గర చొక్కా చెమటకు అంటుకుపోయింది. హాలంతా చూసినాడు, నేను కనిపించినాను. "మా టీచరమ్మ చెప్తుంది సార్. తెలుగులో బాగా విడమరిచి చెప్తుంది" అన్నాడు, నా నెత్తిన వేసి బయటపడాలని.

నేను లేచి మైకు దగ్గరికి పోయినాను. ఆ నాలుగడుగులూ నాకు ఇప్పటికీ తియ్యగా ఉంటాయి.

"కోతి మింగిన టెంక సార్" అన్నాను.

వెనక వరసలో ఒక ఆడమనిషి నవ్వింది, తర్వాత హాలంతా. నేను నవ్వలేదు. నవ్వు తగ్గేదాకా ఆగి చెప్పినాను. ఆ మాటకు అర్థం లేదనీ, మా బడి గోడ మీద కోతిని చూసి నేనే పుట్టించినాననీ. షెడ్డులో ఒక్కసారి వదిలితే ముగ్గురిలో ఒక్కరు కూడా తెలీదు అనలేదనీ. డ్యాం గేట్లకు కూడా చేయించినారనీ.

"ఎందుకు పుట్టించినావమ్మా?" అన్నాడు జడ్జిగారు. ఆయన కూడా నవ్వడం లేదు.

"ఆర్.టి.ఎల్. అంటే ఏందో ఇంజనీరు సార్‌ను అడగండి సార్. అది మాత్రం ఆయనకు ఖచ్చితంగా తెలుసు."

"సెప్పప్పా" అన్నాడు జడ్జి.

ఇంజనీరు నేల చూసినాడు. జడ్జిగారు కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎంతసేపైనా కూర్చునేవాడిలాగా కూర్చున్నాడు. చివరికి ఇంజనీరు సన్నగా, "రిటర్న్ టు లేడీ" అన్నాడు.

"ఏ లేడీకి? ఏం రిటర్ను?"

నేను చెప్పినాను. నాయన బెంచీ, పనస పలక, మధ్యలో గీసుకున్న గీత, సుద్ద అక్షరాలు, రెండు ముక్కలు, చెక్కే గదా అన్న మాట, ఊలు అల్లుకోమన్న సలహా. ఏదీ వదల్లేదు. ముందు వరసలో ఇంజనీరు భార్య లేచి నిలబడింది. "ఆ పొద్దు బల్ల కింద చూసిన ముక్కలు నీ పలకవేనా అమ్మా? పనికిరాని చెక్క అని ఈయన చెప్పినాడే నాతో" అన్నది, మైకు లేకుండానే అందరికీ వినపడేటట్టు.

జడ్జిగారు ఇంజనీరుతో ఇంకేమీ అనలేదు. అట్టముక్కను వెనక్కి తిప్పి బల్ల మీద బోర్లా పెట్టేసి, పక్కన ఉన్న కలంకారీ గుడ్డ దగ్గరికి పోయినాడు. ఏడు అట్టముక్కల్నీ లెక్చరరు ఒక్కొక్కటే తీసి జేబులో పెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో ఇంజనీరు ముందు సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. ఆయన భార్య వచ్చి నా పక్కన కూర్చుంది. "ఇంట్లో కూడా ఇంతేనమ్మా. కూరలో ఉప్పు తక్కువైతే ఎన్.ఎస్. అంటాడు. నో సాల్ట్ అంట. కొత్తల్లో నాకు తెలీక, ఏదో మందు పేరనుకుని అంగడికి మనిషిని పంపినా" అన్నది. ఇద్దరం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పాకాల దాకా నవ్వినాము. మా ఆయన కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. ఇంటికి వచ్చినాక కూడా నాతో ఆ సంగతి ఎత్తలేదు. నాకు మాత్రం ఆ రాత్రి, పలక తెగినప్పటి నుంచి పట్టని నిద్ర, పడుకుంటూనే పట్టింది.

నేను అనుకున్నదానికంటే ఎక్కువే జరిగింది. చిత్తూరు నుంచి తిరుపతికి ఆ మాట మా కంటే ముందు వచ్చేసినట్టుంది. అంగళ్ళలో, బ్యాంకులో, కాలేజీలో ఇంజనీరుకు "కె.ఎం.టి. సార్" అనే పేరు నిలబడిపోయింది. పాలవాడు కూడా "కె.ఎం.టి. సార్ ఇంటికి పోయొస్తా" అనేవాడు. ఆయన నడకకు పోయే దారి మార్చుకున్నాడని విన్నాను. ఆదివారాల షెడ్డు ఆగిపోయింది. నేను ఆ పేరును ఎక్కడా పలకలేదు, ఎవరు పలికినా వద్దనలేదు. జాలి పడమని మా ఆయన ఒకసారి అడిగినాడు. ప్రయత్నించినాను. రాలేదు.

లెక్చరరు ఒక సాయంత్రం వచ్చి, "అంత దూరం పోతుందని నేను అనుకోలేదు మేడమ్" అన్నాడు.

"మీకు అర్థం తెలుసు సార్" అన్నాను. "సుద్దతో రాసేటప్పుడు మీరు పక్కనే ఉండినారు. నవ్వినారు." ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయినాడు. పక్కిల్లే అయినా ఆ తర్వాత మా రెండిండ్ల మధ్య పండగ పళ్ళేలు నడవలేదు.

బ్యాంకాయన మాత్రం నెల తర్వాత, ఒక పలక సైకిలు క్యారియరుకు కట్టుకుని వచ్చినాడు. పనస కాదు, నేరేడు. "నాకు నిజంగా తెలీదు మేడమ్. ఆ పొద్దు తెలీదని చెప్పి ఉంటే మీ పలక ఉండేది" అన్నాడు. ఆ ముగ్గురిలో 'తెలీదు' అనే మాట విన్నది ఆయన నోటనే. ఆయన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినాను. ఆ నేరేడు పలకతో ఒక స్టూలు చేసినాను. దాని మీద ఎవరైనా కూర్చోవచ్చు.

చాలా ఏండ్లకు, మేము చిత్తూరుకు బదిలీ అయినాక, ఒక పొద్దు బస్టాండులో ఇంజనీరు కనిపించినాడు. బాగా వంగిపోయినాడు. భార్య పోయిందని ఎవరో చెప్పగా విని ఉండినాను. నన్ను గుర్తుపట్టి, దగ్గరికి వచ్చినాడు. ఆయన ఎక్కాల్సిన తిరుపతి బస్సు ఇంకా రాలేదు.

"బాగుండావా అమ్మా?" అన్నాడు. టీచరమ్మా అనలేదు.

"బాగుండాను సార్. అమ్మగారి సంగతి విన్నాను. మంచి మనిషి."

తల ఊపినాడు. చేతిసంచి బెంచీ మీద పెట్టినాడు. తర్వాత, "ఇంకా నా మీద కోపం ఉండాదా?" అని అడిగినాడు.

అబద్ధం చెప్పడానికి నాకు మనసు రాలేదు. "ఉండాది సార్" అన్నాను.

"ఉండనీలే" అన్నాడు ఆయన.

బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కుతా ఉండినారు. ఆయన చేతిసంచి నేను పట్టుకుంటే, ఆయన మెట్లెక్కి, సంచి అందుకుని లోపలికి పోయినాడు. నేను పోవాల్సింది మా పుట్టింటి వైపు, ఐరాల బస్సుకు. అది అటు పక్క ఆగుతుంది.